గుడారములు కుట్టిన చేతులు

(రేడియో ప్రసంగ పాఠము. ధ్యాన భాగములు: అపొస్తలుల కార్యములు 18:1-5, లేవీయకాండము 6:1-5, సంఖ్యాకాండము 5:5-8)

పొలం నుండి వచ్చి కాళ్ళు కడుక్కొని రేడియో దగ్గర కూర్చున్న పెద్దలకు, వంటింట్లో పని చేసుకుంటూ వింటున్న తల్లులకు, ఆసుపత్రి మంచం మీద నుండి వింటున్న సహోదరులకు ప్రభువు తన సమాధానము దయచేయును గాక.

ఈ మధ్య ఒక యౌవన సహోదరుడు నాకు ఉత్తరం వ్రాశాడు. "అయ్యగారూ, నేను ఒక ప్రైవేటు కంపెనీలో పని చేస్తున్నాను. ఆదివారాలు మా ఊరి సంఘంలో వాక్యం చెబుతున్నాను. ఉద్యోగం మానితేనే దేవుడు నా సేవను అంగీకరిస్తాడని కొందరు అంటున్నారు. మీరేమంటారు?" అని అడిగాడు. ఇలాంటి ప్రశ్న నాకు కొత్త కాదు. మా సంఘంలో కూడా అడిగారు, మా ఇంట్లో కూడా అడిగారు. అందుచేత ఈరోజు వాక్యముతో పాటు నా సాక్ష్యమును కూడా మీ ముందు పెట్టాలనుకుంటున్నాను. నా సాక్ష్యంలో గొప్ప సంగతులేమీ లేవు. సిగ్గుపడవలసిన సంగతులు మాత్రం కొన్ని ఉన్నాయి. ఓపికతో వినండి.

నేను పల్నాడు ప్రాంతంలో ఒక బాప్టిస్టు కుటుంబంలో పుట్టాను. మా నాన్న మార్కెట్ యార్డులో హమాలీ. మిర్చి సీజనులో ఇంటికి వస్తే ఆయన చొక్కా విప్పినప్పుడు ఆ ఘాటుకు ఇంట్లో అందరం దగ్గేవాళ్ళం. మా అమ్మ నన్ను ఆదివారపు బడికి చెయ్యి పట్టుకొని తీసుకువెళ్ళేది. కంఠత వాక్యాల పోటీలో ఎప్పుడూ నాదే మొదటి బహుమతి. అరవై ఆరు పుస్తకాల పేర్లు ముందు నుండి వెనక్కి, వెనక నుండి ముందుకి చెప్పేవాడిని. కాని ప్రియులారా, పుస్తకాల పేర్లు రావడం వేరు, పుస్తకంలోని దేవుడు తెలియడం వేరు. నేను పుట్టు క్రైస్తవుడిని, అంతే. పుట్టుక మా అమ్మ ఇచ్చింది. రక్షణ అమ్మ ఇవ్వలేదు కదా!

బి.కాం. చదివి 2000లో ఒక కమీషన్ దుకాణంలో గుమస్తాగా చేరాను. ఏ యార్డులో, ఎవరి దుకాణం అన్నది చెప్పను. చెప్పవలసిన అవసరం కూడా లేదు, ఎందుకంటే ఈరోజు నేను ఒప్పుకుంటున్నది నా పాపం.

పని ఎలా జరుగుతుందో తెలియనివారికి కొంచెం చెప్పాలి. రైతు మిర్చిని టిక్కీలలో నింపి తెస్తాడు. కాటా మీద పెడతారు. గుమస్తా తూకం చూసి చిట్టాలో వ్రాసుకుంటాడు. ఆ తరువాత రైతుకు తక్‌పట్టీ వ్రాసి ఇస్తాడు. ఎన్ని కిలోలు, ఏ ధర, కమీషన్ ఎంత, హమాలీ ఎంత, పోగా చేతికి వచ్చేది ఎంత, అన్నీ అందులో ఉంటాయి. కొన్నవాడికి వేరే బిల్లు వ్రాస్తాడు. ఆ రెండు కాగితాలూ వ్రాసే చెయ్యి ఒకటే. అక్కడే ఉంది మెలిక. కొన్నవాడి బిల్లులో తూకం పూర్తిగా ఉండేది. రైతు పట్టీలో టిక్కీకి ఒక కిలో తగ్గేది. ఎవరైనా అడిగితే తరుగు అనో, మచ్చు అనో ఏదో ఒకటి చెప్పేవాళ్ళం. అది దుకాణం అలవాటు. మొదటి సీజనులో నాకు చెయ్యి వణికింది. రెండో సీజనులో వణకలేదు. మూడో సీజనుకు దుకాణం కోసం ఒక కిలో కోసే చోట నా కోసం ఇంకొక కిలో కోయడం నేర్చుకున్నాను. అన్ని టిక్కీలకూ కాదు, చదువురాని రైతు అయితేనే. దొంగకు కూడా లెక్క కావాలి కదా! ఎవరి దగ్గర ఎంత తీసుకున్నానో ఒక చిన్న నోటుబుక్కులో పేరు, ఊరుతో సహా వ్రాసుకునేవాడిని. ఎందుకు వ్రాసుకున్నానో ఆనాడు నాకే తెలియదు. దేవుడే వ్రాయించాడని ఈరోజు అనుకుంటాను.

2003 వేసవిలో ఒక ముసలాయన ఇరవై రెండు టిక్కీలు తెచ్చాడు. తలపాగా చుట్టుకొని ఉన్నాడు. ఎడమచేతికి చిటికెనవేలు లేదు. నా బల్ల వెనుక గోడ మీద మా సంఘం వారి వాక్యాల క్యాలెండరు వేలాడుతూ ఉండేది. దాని మీద సిలువ బొమ్మ. ఆయనకు చదవడం రాదు గాని ఆ సిలువను గుర్తుపట్టాడు. నా చేతిలోని పట్టీ వంక చూసి, "బాబూ, నువ్వు దేవుడి బిడ్డవి గదా, లెక్క సరిగ్గా ఉందో లేదో నువ్వే చెప్పు, నాకు తెలవదు" అన్నాడు.

"సరిగ్గానే ఉంది తాతా" అన్నాను.

నలభై నాలుగు కిలోలు కోశాను ఆయన దగ్గర. అందులో ఇరవై రెండు కిలోలు నావి. కిలో పాతిక రూపాయల లెక్కన 550 రూపాయలు. ఆయన నాకు రెండు చేతులెత్తి నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయం 13వ వచనం తీసి చూడండి. సంచిలో పెద్దదొకటి, చిన్నదొకటి రెండు రకాల తూనికరాళ్లు పెట్టుకోవద్దని దేవుడు ఆజ్ఞాపించాడు. హెబ్రీలో అక్కడున్న మాట "రాయి" అనే. మన పల్లెల్లో కూడా ఒకప్పుడు రాళ్ళతోనే తూచేవారు కదా! కొనేటప్పుడు పెద్ద రాయి, అమ్మేటప్పుడు చిన్న రాయి. నా సంచిలో రాళ్ళు లేవు. నా కలమే రెండు రాళ్ళు. ఒక బిల్లుకు పెద్ద రాయి, ఒక పట్టీకి చిన్న రాయి.

ఇక రక్షణ అనుభవం. మహాసభలో పొందలేదు, ఉపవాస కూటంలో పొందలేదు. ఒక ప్యాంటు గుడ్డ దగ్గర పొందాను.

మా ఊరి పాస్టరుగారు వృత్తిరీత్యా టైలరు. వారం రోజులూ కుట్టుమిషను మీద పని, బుధవారం సాయంత్రం ప్రార్థన, ఆదివారం ఆరాధన. పెద్దగా చదువుకోలేదు. ప్రసంగం కూడా చాలా మామూలుగా చెప్పేవారు. నిజం చెప్పాలంటే నేను ఆయన ప్రసంగంలో నిద్రపోయేవాడిని. 2004లో ఈస్టరు పండుగకు ఆయన దగ్గర ప్యాంటు కుట్టించుకున్నాను. నా దొంగసొమ్ముతో కొన్న గుడ్డ, ఖరీదైనదే. ప్యాంటు ఇచ్చేటప్పుడు ఆయన దానితో పాటు ఒక చిన్న కాగితపు పొట్లం చేతిలో పెట్టారు. విప్పి చూస్తే నాలుగు అంగుళాల గుడ్డముక్క.

"ఇదేంటయ్యగారూ?" అన్నాను.

"మిగిలింది. అది నీది బాబూ" అన్నారు.

నాకు నవ్వొచ్చింది. టైలరు దగ్గర మిగిలిన ముక్క టైలరుదే, లోకమంతా అంతే. ఆ మాటే అన్నాను. ఆయన మిషను మీద నుండి తల ఎత్తకుండానే, "లోకం సంగతి నాకెందుకు? నువ్వు ఇచ్చినదాంట్లో మిగిలింది, నీది" అని మళ్ళీ తొక్కడం మొదలుపెట్టారు.

అంతే ప్రియులారా. ఆయన నాకు వాక్యం చెప్పలేదు. నా పాపం ఆయనకు తెలియదు. ఆ ముక్క జేబులో పెట్టుకొని ఇంటికి వచ్చాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. లూకా సువార్త 19వ అధ్యాయం నాకు చిన్నప్పటి నుండి కంఠత వచ్చు. జక్కయ్య పొట్టివాడు, మేడిచెట్టు ఎక్కాడు, ప్రభువు దిగమన్నాడు. బహుమతి తెచ్చుకున్న కథ! కాని జక్కయ్య లేచి నిలబడి తాను అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్న మాట దగ్గర ఆ రాత్రి నేను ఆగిపోయాను. ఆ మాట చెప్పిన తరువాతనే ప్రభువు ఆ ఇంటికి రక్షణ వచ్చిందని అన్నాడు. డబ్బు తిరిగి ఇచ్చినందుకు రక్షణ కొనుక్కున్నాడని కాదు. రక్షణ ఇంట్లోకి వస్తే ఇనప్పెట్టె తలుపు మూసి ఉండలేదు. తెల్లవారే వరకు ఏడ్చాను. నా పాపముల కొరకు ప్రభువు సిలువలో చనిపోయాడన్న మాట చిన్ననాటి నుండి విన్నాను, ఆ రాత్రి మాత్రమే నమ్మాను.

పొద్దున్నే పాస్టరుగారి దగ్గరకు వెళ్ళి అంతా చెప్పాను. నా తల మీద చెయ్యి వేసి ప్రార్థన చేస్తారు, ఓదారుస్తారు అనుకున్నాను. ఆయన ప్రార్థన చేశారు, చాలా చిన్న ప్రార్థన. తరువాత, "ముందు లెక్క వ్రాయి" అన్నారు.

ఇద్దరం కూర్చొని నా నోటుబుక్కు తీసి లెక్క వ్రాశాం. అరవై ఒక్కమంది రైతులు. నేను సొంతానికి తీసుకున్నది 18,400 రూపాయలు. ఆయన లేవీయకాండము 6వ అధ్యాయం తీసి నా చేత చదివించారు. పొరుగువాడి సొమ్ము అన్యాయంగా తీసుకున్నవాడు మూలధనం పూర్తిగా ఇచ్చి, దాని మీద అయిదవ వంతు కలిపి ఇవ్వాలని అక్కడ ధర్మశాస్త్రం చెబుతున్నది. అయిదవ వంతు 3,680. మొత్తం 22,080 రూపాయలు. మరి దుకాణం కోసం కోసినదాని సంగతి ఏమిటని అడిగాను. "నీ చేతిలో లేనిది నువ్వు ఇవ్వలేవు. కాని నీ చేత్తో వ్రాసింది ఎంతో వాళ్ళకు చెప్పగలవు. చెప్పు" అన్నారు.

గమనించండి, ఆ అధ్యాయంలో ఇంకొక సంగతి ఉన్నది. తిరిగి ఇచ్చిన తరువాతనే అపరాధ పరిహారార్థ బలి. ముందు పొరుగువాడి గుమ్మం, తరువాత బలిపీఠం. మనం ఈ వరుసను ఎంత సులువుగా తిరగేస్తాం! ఆదివారం కన్నీళ్ళతో పాట పాడి, సోమవారం పొరుగువాడి గుమ్మం దాటి వెళ్ళిపోతాం.

దుకాణం యజమానికి చెప్పాను. మొదట నవ్వాడు, తరువాత రేపటి నుండి రావద్దన్నాడు. ఒక కోల్డ్ స్టోరేజీలో సంచులు లెక్కపెట్టి బాండ్లు వ్రాసే పని దొరికింది. జీతం 1,800. అందులో సగం రైతుల బాకీకి. ఆదివారం ఆరాధన అయ్యాక సైకిలు మీద ఒక్కొక్క ఊరు. రెండేళ్ళు పట్టింది.

ఆ తిరుగుడు గురించి ఒక పుస్తకం వ్రాయవచ్చు. ఒక ఊరిలో ఒక రైతు నా మాట పూర్తి కాకముందే చెంప మీద కొట్టాడు. భార్య వచ్చి ఆపింది. తరువాత ఆయనే లోపలికి వెళ్ళి మజ్జిగ తెచ్చి ఇచ్చాడు, ఒక్క మాట కూడా మాట్లాడకుండా. ఇంకొకాయన డబ్బు లెక్కపెట్టుకొని, "అయిదో వంతు అంటున్నావు, ఆ సంవత్సరం నా కూతురి పెళ్ళికి తెచ్చిన అప్పు వడ్డీ నీకు తెలుసా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఒక అమ్మ మాత్రం భర్త చనిపోయాడని చెప్పి, ఆ నోట్లు భర్త ఫోటో ముందు పెట్టి చాలాసేపు నిలబడింది. ఎవరూ నన్ను మెచ్చుకోలేదు. మెచ్చుకుంటారని మనసులో ఒక మూల ఆశ ఉండేది, దేవుడు దాన్ని కూడా తీసివేశాడు.

అరవై మందికి ఇచ్చాను. ఒక్కరికి ఇవ్వలేకపోయాను. ఎవరికో మీరు ఊహించే ఉంటారు. ఇరవై రెండు టిక్కీల ముసలాయన. 2005లో ఆయన ఊరు వెళ్ళేసరికి ఇంటికి తాళం. అప్పులు పెరిగి, మన ప్రాంతం నుండి చాలామంది రైతులు వెళ్ళినట్టే, కొడుకుతో కలిసి రాయచూరు వైపు కౌలుకు భూమి చేసుకోవడానికి వెళ్ళారని ఇరుగుపొరుగు చెప్పారు. ఏ ఊరో ఎవరికీ తెలియదు. 550 రూపాయలు, అయిదవ వంతు 110. మొత్తం 660 రూపాయలు ఒక కవరులో పెట్టి నా దగ్గరే ఉంచుకున్నాను. ఆ కవరు సంగతి మళ్ళీ చెబుతాను.

2006లో సంఘం సహాయంతో సెమినరీకి వెళ్ళి నాలుగేండ్లు బి.డి. చదివాను. అక్కడ గ్రీకు నేర్చుకుంటూ ఉండగా అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయంలో "స్కెనోపొయోస్" అనే మాట చూశాను. గుడారములు కుట్టేవాడు అని అర్థం. ఆ మాట చూడగానే నాకు తార్సువాడైన పౌలు కనబడలేదు, మా టైలరు పాస్టరుగారు కనబడ్డారు!

ఈ అధ్యాయం జాగ్రత్తగా చూడండి. పౌలు కొరింథుకు వచ్చాడు. క్లౌదియ చక్రవర్తి యూదులను రోమా విడిచి పొమ్మని ఆజ్ఞ ఇచ్చినందున అకుల, ప్రిస్కిల్ల దంపతులు కూడా అక్కడికి వచ్చి ఉన్నారు. ఒకే వృత్తి గనుక పౌలు వాళ్ళతో కాపురముండి పని చేశాడు. విశ్రాంతిదినమున సమాజమందిరంలో తర్కించేవాడు. మరి మిగిలిన ఆరు రోజులు? తోలు, మేకవెంట్రుకల బట్ట, సూది, దారం. 19వ అధ్యాయంలో ఎఫెసులో పౌలు శరీరానికి తగిలిన చేతిగుడ్డలను, నడికట్లను రోగుల దగ్గరకు తీసుకుపోయారని చదువుతాం. ఆ నడికట్టు అంటే ఏమిటి? పనివాడు మురికి కాకుండా ముందు కట్టుకొనే గుడ్డ అని పండితులు చెబుతారు. చేతిగుడ్డ చెమట తుడుచుకొనేది. మహా అపొస్తలుని చెమట గుడ్డలు! అక్కడ పట్టు అంగీ ఏదీ లేదు. 20వ అధ్యాయంలో ఎఫెసు పెద్దల దగ్గర సెలవు తీసుకొనేటప్పుడు ఆయన తన చేతులు చూపించాడు. తన అవసరాలకు, తనతో ఉన్నవారి అవసరాలకు ఈ చేతులే పని చేశాయని చెప్పాడు. సూది పొడిచిన మచ్చలున్న చేతులు కాకపోతే ఆ మాటకు బలమేముంటుంది?

అయితే ఒక్క మాట. పౌలు దీన్ని అందరికీ చట్టంగా పెట్టలేదు. అదే 18వ అధ్యాయం 5వ వచనంలో సీల, తిమోతి మాసిదోనియ నుండి రాగానే ఆయన పూర్తిగా వాక్యబోధలో నిమగ్నుడయ్యాడు. మాసిదోనియ సహోదరులు తన అక్కర తీర్చారని 2 కొరింథీయులకు 11వ అధ్యాయంలో తానే వ్రాశాడు. సువార్త ప్రకటించేవాడు సువార్త వలన జీవించాలన్నది ప్రభువు నియమమేనని 1 కొరింథీయులకు 9వ అధ్యాయంలో గట్టిగా వాదించి, ఆ హక్కును నేను వాడుకోలేదన్నాడు. హక్కు లేకపోవడం వేరు, ఉండి వాడుకోకపోవడం వేరు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఒకచోట నా సాక్ష్యం విన్న సంఘపెద్ద ఒకాయన ఆరాధన అయ్యాక నా దగ్గరకు వచ్చి, "చాలా బాగా చెప్పారయ్యగారూ, మా పాస్టరుగారు కూడా ఏదైనా పని చూసుకుంటే మాకు జీతం భారం తగ్గుతుంది" అన్నారు. అయ్యా, నేను చెప్పింది అది కాదు! మీ సేవకుణ్ణి పస్తులుంచడానికి నా సాక్ష్యం వాడుకోవద్దు.

2010లో నన్ను ఒక చిన్న సంఘానికి పంపించారు. ముప్పై నాలుగు కుటుంబాలు. అందరూ వ్యవసాయ కూలీలు, యార్డు హమాలీలు. నెలంతా కానుకలు కలిపితే 1,400 రూపాయలు వచ్చేవి. పిడికెడు బియ్యం కూడా తెచ్చేవారు. ప్రతి తల్లీ వండే ముందు ఒక పిడికెడు తీసి పక్కన పెడుతుంది, ఆదివారం తెస్తుంది. ఒక ఆదివారం ఆ బియ్యం చెరుగుతూ నా భార్య, "ఇందులో మూడు రకాల బియ్యం ఉన్నాయండీ, ఎక్కువ రేషను బియ్యమే. ఏ ఇంట్లో ఎవరు అన్నం తగ్గించుకొని తెచ్చారో" అన్నది. ఆ రాత్రి నిర్ణయం తీసుకున్నాం. మళ్ళీ అదే కోల్డ్ స్టోరేజీకి వెళ్ళాను. వాళ్ళు సంతోషంగా తీసుకున్నారు. ఉదయం ఏడు నుండి మధ్యాహ్నం మూడు వరకు అక్కడ, తరువాత సంఘంలో.

సంఘం సంతోషించిందనుకుంటున్నారా? లేదు. పెద్దలు ముగ్గురు ఇంటికి వచ్చారు. "బి.డి. చదివిన అయ్యగారు తలకు తువ్వాలు చుట్టుకొని సంచులు లెక్కపెడుతుంటే పక్క సంఘాల వాళ్ళ ముందు మా పరువేం కావాలి?" అన్నారు. ఆ మాటలో వాళ్ళ ప్రేమ ఉన్నది, అవమానం కూడా ఉన్నది. తరతరాలుగా బరువులు మోసినవాళ్ళు తమ సేవకుడైనా తెల్లబట్టల్లో నీడపట్టున ఉండాలని కోరుకోవడం తప్పా? తప్పని నేను అనలేను. మా నాన్న కూడా అదే కోరుకున్నాడు. ఆయన మూడు నెలలు నాతో మాట్లాడలేదు.

అప్పుడు నేను వాళ్ళకు మన ప్రాంతపు చరిత్రే గుర్తు చేశాను. యర్రగుంట్ల పేరయ్యగారి పేరు మన బాప్టిస్టు సంఘాలవారికి తెలుసు. తాళ్ళకొండపాడు గ్రామస్థుడు. తోళ్ళ వ్యాపారం. తోళ్ళు కొంటూ అమ్ముతూ తిరిగే దారిలోనే ఏలూరు వైపు సువార్త విన్నాడు. 1866లో బాప్తిస్మం పొందాడు. ఆ తరువాత అదే దారుల్లో క్రీస్తును ప్రకటించాడు. 1867 జనవరిలో క్లౌ దొరగారు ఆ ఊరికి వెళ్ళేసరికి బాప్తిస్మానికి సిద్ధంగా 28 మంది ఉన్నారు. ఆ 28 మందిని ముందుగా సిద్ధపరచినది సెమినరీ కాదు, తోళ్ళ మూట మోసిన మనిషి.

క్లౌ దొరగారి సంగతి ఇంకా చెప్పాలి. ఆయన యౌవనంలో అమెరికాలో సర్వేయరుగా పని చేసినవారు. 1876 నుండి 1878 వరకు ఘోరమైన కరువు వచ్చినప్పుడు ఆయన బకింగ్‌హాం కాలువ త్రవ్వకంలో మూడు మైళ్ళ పైచిలుకు కాంట్రాక్టు తీసుకున్నారు. ఆకలితో ఉన్నవారికి కూలి దొరకాలని. మన తెలుగు బోధకులే అక్కడ మేస్త్రీలు. పగలు మట్టి తట్టల లెక్క, పని ఆగినప్పుడు అలసి కూర్చున్నవాళ్ళ మధ్య క్రీస్తు మాట. అయితే కరువు సహాయం జరిగినంత కాలం ఆయన బాప్తిస్మాలు ఇవ్వలేదు. కూడు కోసం ఎవరూ రాకూడదని. కరువు పని ముగిశాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆ అంకె మనం పండుగల్లో గర్వంగా చెప్పుకుంటాం. దాని వెనుక మట్టి తట్టలు లెక్కపెట్టిన బోధకుల హాజరు పుస్తకం ఉన్నదని మాత్రం మర్చిపోతాం. విలియం కేరీగారు కూడా అంతే. చెప్పులు కుట్టినవాడు, బెంగాలుకు వచ్చి 1794 నుండి కొన్నేళ్ళు నీలిమందు ఫ్యాక్టరీ నడిపి పొట్ట పోసుకున్నవాడు. ఆయనే 1814లో మన తెలుగు భాషకు ఇంగ్లీషులో ఒక వ్యాకరణం అచ్చు వేయించాడు.

పెద్దలు విన్నారు. ఇద్దరు ఒప్పుకున్నారు. ఒకాయన ఈరోజు వరకు ఒప్పుకోలేదు. అయినా ఆరాధనకు వస్తాడు, నా ఎదురుగానే కూర్చుంటాడు.

ఉద్యోగంతో సేవ చేయాలనుకునే యౌవనులారా, ఇప్పుడు మీకు ఒక కష్టమైన మాట చెప్పాలి. ఇది చెప్పకపోతే నేను మళ్ళీ తప్పుడు పట్టీ వ్రాసినవాడినవుతాను. 2013 ఏప్రిల్‌లో మా సంఘంలో ఒక వృద్ధురాలు మరణావస్థలో ఉన్నది. ప్రభురాత్రి భోజనం కావాలని కబురు పంపింది. ఆమె మనవడు కోల్డ్ స్టోరేజీకి పరుగెత్తుకుంటూ వచ్చాడు. లారీలు వరుసలో ఉన్నాయి. నేను లేచి వెళితే లోడింగు ఆగిపోతుంది. "మూడు గంటలకు వస్తానని చెప్పు అయ్యా" అన్నాను. మూడుకు వెళ్ళాను. రెండుంబావుకు ఆమె ప్రభువు నందు నిద్రించింది. ఆమె మంచం పక్కన స్టూలు మీద తెల్లగుడ్డ పరచి ఉంది. రొట్టె కోసం, పాత్ర కోసం. నా కోసం.

ఆ కుటుంబం నన్ను ఒక్క మాట అనలేదు. ఆ తరువాత నేను మేనేజరుగారితో మాట్లాడి, మరణావస్థలో ఎవరైనా ఉంటే లేచి వెళ్ళే ఏర్పాటు చేసుకున్నాను, జీతం కోసుకోమన్నాను. కాని ఆ తెల్లగుడ్డ నా కళ్ళ ముందు నుండి పోలేదు. ఇద్దరు యజమానులున్నవాడికి ఏదో ఒకరోజు ఇద్దరూ ఒకే గంటకు పిలుస్తారు. ఆ గంటలో ఏమి చేస్తావో ఇప్పుడే నిర్ణయించుకో, తమ్ముడూ. ఉద్యోగం మానమని నేను నీకు చెప్పను. ఉంచుకోమని కూడా రేడియోలో కూర్చొని చెప్పలేను. నీ సంఘాన్ని చూడు, నీ ఇంటిని చూడు, నీ పొయ్యి మీదికి వస్తున్న పిడికెడు బియ్యం ఎక్కడిదో చూడు, ప్రార్థన చేసి తేల్చుకో.

ఇక ఆ కవరు సంగతి.

సెమినరీలో ఉన్నప్పుడు సంఖ్యాకాండము 5వ అధ్యాయం చదువుతూ ఒకచోట ఉలిక్కిపడ్డాను. అన్యాయంగా తీసుకున్న సొమ్ము తిరిగి ఇవ్వడానికి ఆ మనిషి గాని, దగ్గరి బంధువు గాని లేకపోతే అది ఎవరికి చెందాలి? యెహోవాది అవుతుంది, యాజకునికి చెందుతుంది అని అక్కడ ఉన్నది. అంటే ఎవరికి? నేను పాస్టరును అవుతున్నాను. నా దొంగసొమ్ము చుట్టూ తిరిగి మళ్ళీ నా జేబులోకే రావడానికి లేఖనమే దారి చూపిస్తున్నట్టు కనబడింది! సాతాను కూడా వాక్యం ఎత్తి మాట్లాడతాడని మనకు తెలుసు కదా. కాని ఆ వచనం బంధువు లేనప్పటి సంగతి. ఆ తాతకు కొడుకు ఉన్నాడు. ఎక్కడున్నాడో నాకు తెలియదు, అంతే. ఆ కవరు మా ఇంట్లో బియ్యం లేని రోజుల్లో కూడా బీరువాలో అలాగే ఉన్నది. 2016 నవంబరులో పెద్ద నోట్లు రద్దయినప్పుడు అందులో ఒక 500 నోటు ఉన్నదని గుర్తొచ్చి, బ్యాంకు ముందు మూడు గంటలు వరుసలో నిలబడి మార్చుకొని మళ్ళీ పెట్టాను. నా ముందు నిలబడినాయన, "ఒక్క నోటుకేనా ఇంత ఎండలో?" అని నవ్వాడు. అది నాది కాదండీ అన్నాను.

రాయచూరు, సింధనూరు వైపు కౌలు చేసుకుంటున్న మన తెలుగు రైతు కుటుంబాలు కూడా ఈ ప్రసంగం వింటారని నమ్ముతున్నాను. 2003 వేసవిలో ఇరవై రెండు టిక్కీల మిర్చి యార్డుకు తెచ్చిన తాత, ఎడమచేతికి చిటికెనవేలు లేని తాత, మీ తాతగాని, మీ నాన్నగాని అయితే, దయచేసి ఈ కార్యక్రమం చిరునామాకు ఒక కార్డు వ్రాయండి. ఆయన పేరు, ఊరు నా దగ్గర ఉన్నాయి, మీరు వ్రాసినది పోల్చి చూసుకుంటాను. ఆరువందల అరవై రూపాయలు సిద్ధంగా ఉన్నాయి. ఇన్నేళ్ళ వడ్డీ సంగతి మీతో కూర్చొని మాట్లాడతాను. నేనే మీ ఊరు వస్తాను.

ప్రార్థన చేద్దాం. ప్రభువా, ఆ తాత బ్రతికి ఉంటే ఆయనను కాపాడు. లేకపోతే ఆయన పిల్లల దగ్గరకు నన్ను నడిపించు. ఈ మాటలు వింటూ ఎవరి పేరో గుర్తొచ్చి కూర్చున్న చోటే ఇబ్బంది పడుతున్న నీ బిడ్డకు, రేపు ఉదయం ఆ గుమ్మం ఎక్కే ధైర్యం ఇవ్వు. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.